పంచదార అలమరకు ఎర్ర తాళం

“కాలు! నా కాలు! ఎవరన్నా పైకి లేపండి!”

స్పీకర్లోంచి వచ్చిన ఆ కేకకి కంట్రోల్ రూములో ఆమె చేతిలోని టీ కప్పు జారిపడింది. లిఫ్టుల కంపెనీలో ఫోన్ల డెస్కు ఆమెది. ఊళ్లో ఏ లిఫ్టు ఆగినా, లోపలున్నవాళ్లు పసుపు బటన్ నొక్కితే మోగేది ఆమె ముందే. భయపడిన గొంతులు ఆమెకి కొత్త కాదు. కానీ ఇది లిఫ్టులో ఇరుక్కున్న గొంతు కాదు. లిఫ్టు కింద ఇరుక్కున్న గొంతు.

వెంటనే రొప్పుతూ ఇంకో గొంతు వినబడింది. “చెల్లీ, నేనే! ఎనిమిదంతస్తుల ఆఫీసు బిల్డింగు. అంబులెన్సు పంపు. ఫైరువాళ్లకీ చెప్పు. కొత్తబ్బాయి గుంటలో ఉన్నాడు.”

అది సొంత అన్నయ్య గొంతు. అన్నయ్యని కంపెనీ పోయిన నెలే ఇంటికి పంపేసింది.

“నువ్వక్కడేం చేస్తున్నావన్నయ్యా?”

“వీడే ఫోన్ చేసి రమ్మన్నాడే. ముందు అంబులెన్సు సంగతి చూడు!”

ఆమె రెండు చోట్లకీ ఫోన్లు చేసింది. లిఫ్టు లైను మాత్రం మూయలేదు.

“తాతా, నేను చచ్చిపోతానా?” కుర్రాడు ఏడుస్తున్నాడు.

“చస్తే నీ పెళ్లిలో నాకు భోజనం ఎవడు పెడతాడ్రా? కదలకు. నా చెయ్యి పట్టుకో.” తర్వాత గొంతు తగ్గించి ఆమెతో అన్నాడు: “నేను గుమ్మం ఎక్కేసరికి లిఫ్టు దిగుతోందే. తలుపు లాగాను, ఆగింది. లోపలికి చెయ్యి చాచి పసుపు బటన్ నొక్కాను. ఇంకో జానెడు దిగుంటే వీడు మిగిలేవాడు కాదు. ఎవడో స్విచ్ వేశాడు చెల్లీ. మనిషి లోపలుండగా వేశాడు.”

ఆమె చూపు తనకు తెలియకుండానే టీ బల్ల పక్కనున్న పంచదార అలమర మీద పడింది. దానికి ఎర్ర తాళం వేలాడుతోంది. అన్నయ్య తాళం.

మెకానిక్కులు గుంటలోకి దిగేముందు మెయిన్ స్విచ్‌కి ఎవరి తాళం వాళ్లు వేసుకునేవాళ్లు. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకునేవాళ్లు. ఆ మనిషి బయటికొచ్చి తన చేత్తో తాళం తీస్తేనే లిఫ్టు కదిలేది. బిల్డింగు ఓనరు అరిచినా, ఆకాశం విరిగిపడినా అంతే.

పోయిన నెల యాభై దాటిన మెకానిక్కులందర్నీ ఒకేసారి పంపేశారు. కేకు కోశారు. ‘మనదంతా ఒకే కుటుంబం’ అని మేనేజరు కళ్లొత్తుకున్నాడు. ఆఫీసంతా అతన్ని వెనకాల నవ్వులయ్య అంటుంది. మనిషిని బయటికి గెంటేటప్పుడు కూడా ముఖాన నవ్వు చెదరదు. కేకు తినడం అయ్యాక ఓ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. “తాళాలు ఇందులో వేసెయ్యండి. లిఫ్టుకి గంటలకొద్దీ తాళం వేస్తే కస్టమర్లు ఊరుకోరు.”

వాళ్ల చోట్లోకి సగం జీతానికి కుర్రాళ్లు వచ్చారు. తోడు లేదు, తాళం లేదు. తోచనప్పుడు వాళ్లు చాటుగా ఆ పెద్దవాళ్లకే ఫోన్ చేసేవాళ్లు. పెద్దవాళ్లు సొంత బస్సు ఖర్చులతో వెళ్లి పని చూపించి వచ్చేవాళ్లు. ఆ సంగతి నవ్వులయ్యకి తెలుసు. పైసా ఇవ్వక్కర్లేని పనివాళ్లు దొరికారని మురిసిపోయేవాడు. అట్టపెట్టెలోంచి ఓ తాళం తీసి, స్టాఫు పంచదార దొంగిలించకుండా ఈ అలమరకి వేయించాడు.

ఇప్పుడు ఆమెకి అంతకన్నా పెద్ద సంగతి గుర్తొచ్చింది. ఇందాక నవ్వులయ్య ఫోన్ చేసి, ఆ బిల్డింగు వాచ్‌మన్‌కి కలపమన్నాడు. కలిపింది. హెడ్‌ఫోన్ తీసేలోపు ఓ ముక్క చెవిన పడింది. “వాడు టీకి పోయుంటాడులే. ఓనరు నా ప్రాణం తీస్తున్నాడు. స్విచ్ వేసెయ్.”

ఆ లైను కలిపింది తన చెయ్యే.

ఫైరువాళ్లు వచ్చి కుర్రాణ్ణి బయటికి తీశారు. ప్రాణం ఉంది, స్పృహ లేదు. అంబులెన్సు వెళ్లిపోయింది. పోలీసులొచ్చారు. ఆ వెనకే స్పీకర్లో తెలిసిన తియ్యటి గొంతు వినబడింది.

“ఈయన్ని పోయిన నెల తీసేశామండీ. కంపెనీ మీద పగబట్టాడు. స్విచ్ ఈయనే వేశాడు. వాచ్‌మన్ చూశాడు.”

“ఏమయ్యా, చూశావా?” పోలీసు అధికారి అడిగాడు.

“అ... అవునండి,” వాచ్‌మన్ నసిగాడు.

“పగబట్టినవాడు అంబులెన్సు పిలుస్తాడా సార్?” అన్నాడు అన్నయ్య.

“అది స్టేషన్లో చెబుదువుగానీ. పద.”

అప్పుడే డెస్కు మీద ఫోన్ మోగింది. నవ్వులయ్య. మెట్ల వైపు జరిగి మాట్లాడుతున్నట్టున్నాడు, గుసగుసగా ఉంది. ఆమె రిసీవర్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. లౌడ్‌స్పీకర్ నొక్కి, లిఫ్టు మైకు పక్కన పెట్టింది.

“అక్కా, పోలీసాయనకి ఫోనిస్తాను. మీ అన్నయ్య ఇంట్లో కంపెనీని తిడుతుంటాడని ఒక్క ముక్క చెప్పండి చాలు. మీకూ యాభై దగ్గరపడుతున్నాయి కదా. మీ సంగతి నేను చూసుకుంటా. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ మీదే.”

“మరి ఇందాక నేను కలిపిన ఫోను?”

“ఏ ఫోను? మీరేం కలపలేదు, నేనేం మాట్లాడలేదు. వాచ్‌మన్‌తో అన్నీ సర్దుకున్నా.”

“ఆ కుర్రాడి కాలు పోయేట్టుంది సార్.”

“దానిదేముందక్కా! వీడు కాకపోతే ఇంకొకడు. ఇంకా తక్కువకే వస్తాడు.” చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వు విని ఆమెకి ఒళ్లంతా జిగురు పూసినట్టయింది. లిఫ్టు లైన్లో అంతా నిశ్శబ్దం. అక్కడ తలుపు తెరిచి ఉన్న ఖాళీ లిఫ్టులోంచి ఈ మాటలన్నీ హాల్లోకి వెళ్లాయని ఆమెకి అర్థమైంది. ఇక ఈ కుర్చీ తనది కాదనీ అర్థమైంది.

అడుగుల చప్పుడు మైకు దగ్గరికొచ్చింది. “ఎవరమ్మా మాట్లాడేది? ఏ ఫోను? స్విచ్ వెయ్యమన్నదెవరు?” పోలీసు అధికారి.

ఫోన్లో నవ్వు టక్కున ఆగిపోయింది. “అక్కా... అక్కా, ఒక్క నిమిషం...”

ఆమె ఎర్ర తాళం వైపు ఒక్కసారి చూసి మైకు మీదికి వంగింది.

“లిఫ్టుల కంపెనీ కంట్రోల్ రూమ్ నుంచండీ. ఆ లైను కలిపింది నేను, చెవులారా విన్నది నేను. మా అన్నయ్యని వదలండి. కుర్రాడు లోపలుండగా స్విచ్ వెయ్యమన్నది మా మేనేజరు. మెట్ల దగ్గర ఫోను పట్టుకుని నుంచున్నాడు చూడండి, వాడే!”