పాతికేళ్ళ తర్వాతి ధనవంతుడు

సూర్యాపేటలో ధాన్యం కొట్టు గుమాస్తా ఆనందానికి జీతం నెలకు ముప్పై రూపాయలు. నడకలో మాత్రం మూడువేల మూడువందల దర్జా ఉండేది. ఆ సొమ్ము ఇంకా చేతికి రాలేదు, పాతికేళ్ళు ఆగితే వస్తుంది. అంతమాత్రానికి ఇప్పటినుంచే తల వంచుకుని నడవడం దేనికి?

సంగతేమిటంటే, పంతొమ్మిది వందల నలభై ఆరు ఉగాది నుంచి అతను నెలనెలా ఐదు రూపాయలు కోదాడలో బియ్యం మిల్లు నడిపే రామలింగయ్య శెట్టి దగ్గర దాస్తున్నాడు. ఏడాదిలో వేసినదానికి మరుసటి ఉగాది నుంచి నెలకు నూటికి అర్ధరూపాయి వడ్డీ. ఏడాది తిరిగేసరికి ఆ వడ్డీ అసల్లో కలుస్తుంది, మరుసటి ఏడు వడ్డీకి కూడా వడ్డీ. పన్నెండేళ్ళలో రూపాయి రెండవుతుంది, ఇరవై నాలుగేళ్ళలో నాలుగు. ఈ మర్మం తెలిసిననాడు ఆనందానికి అన్నం సయించలేదు. ఇంత తేలిక దారి ఉండగా జనం చెమటోడుస్తున్నారేమిటా అని లోకం మీద జాలిపడ్డాడు.

ఆ జాలి ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. జాతరలో భార్య పుష్పావతి రూపాయి పెట్టి గాజులు కొంటానంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది రూపాయి కాదే! పాతికేండ్లకు నాలుగు రూపాయల పావలా. అంత పెట్టి గాజులు ఎవరన్న కొంటరా?"

"అట్లనా! మరి పొద్దున హోటల్ల తాగొచ్చిన చాయ్ పాతికేండ్లకు ఎంతయితది?"

ఆ లెక్క మాత్రం ఆనందం ఎన్నడూ వెయ్యలేదు.

ఇంటి గడ్డికప్పు కుళ్ళి కారడం మొదలైంది. పెంకులు వేయిద్దామని పుష్పావతి పోరింది. "పెంకులకు రెండు నూర్లు. అంటే ఎనిమిది నూర్ల పైమాటే! గంత పెట్టి కప్పు ఏసుకోనీకె మనం దేశ్‌ముఖులమా?" అన్నాడు. కారిన చోటల్లా గిన్నె పెట్టాడు. మొదటి ఏడు రెండు గిన్నెలు, మరుసటి ఏడు ఐదు, ఆ పైయేడు ఇంట్లో వంటకు గిన్నె మిగల్లేదు. వానకు కూడా ఎవరో చక్రవడ్డీ నేర్పినట్టున్నారు.

నలభై తొమ్మిదో సంవత్సరం వానల్లో చంటిదానికి జ్వరం తగిలింది. పుష్పావతి పిల్లను చంకనేసుకుని మిర్యాలగూడలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆనందం వెనకాలే వెళ్ళాడు. మామ భిక్షం పీట వేసి, కడుపునిండా అన్నం పెట్టించి, అప్పుడు అన్నాడు:

"పాతికేండ్లకు మా బిడ్డకు యాభై ఏండ్లు వస్తయి అల్లుడూ. నీ పైసలు గూడ అప్పటికే చేతికొస్తయంట కద. గప్పుడే పంపిస్త తీయ్."

లోపలి గదిలోంచి పిల్ల దగ్గు వినిపించింది. ఆనందం చెయ్యి కడుక్కుని, మర్నాడే కోదాడ బస్సెక్కాడు.

నిరుడు పోలీసు చర్యప్పుడు కొన్నాళ్ళు మిల్లు మూసినా రామలింగయ్య మాట తప్పే మనిషి కాడు. లెక్క కట్టి చెప్పాడు. "మూడేళ్ళకు కట్టింది నూట ఎనభై, ఈ ఏడు ఇరవై. వడ్డీ పదకొండు. ఏడాది మధ్యలో తీస్తున్నావు కనుక ఈ ఏటి వడ్డీ రాదు."

"పదకొండేనా శెట్టిగారూ? వడ్డీకి వడ్డీ అంటిరి కద!"

"అదీ కలిపే చెప్పానయ్యా. వడ్డీ తాటిచెట్టు లాంటిది. మొదటి పదేళ్ళూ ఉందో లేదో తెలియదు. నువ్వు మూడేళ్ళకే ముంజలు కోసుకుందామని వస్తివి."

ఆనందం మిల్లు అరుగు మీద కూర్చున్నాడు. పాతికేళ్ళ తర్వాత తన దగ్గర ఉండబోయే మూడువేల మూడువందలు ఎవరో కళ్ళముందే దోచుకుపోయినట్టుంది. ఆ డబ్బు మీద ఏడుద్దామన్నా, అది ఇంకా పుట్టనే లేదు. చివరికి లేచి సొమ్ము తీసుకున్నాడు.

పది రోజుల్లో పెంకులు పడ్డాయి. మిర్యాలగూడ వెళ్ళి తల్లీబిడ్డలను తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే వాన దంచి కొట్టింది. పుష్పావతి ఇంటి నడుమ నిలబడి కప్పు వంక చూసింది. ఎక్కడా చుక్క లేదు. పిల్ల పొడి నేల మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది.

"మొత్తం ఖర్సయినయా?" అని అడిగింది.

"పదకొండు మిగిలినయి," అన్నాడు భయంభయంగా.

"శెట్టి తానే మల్ల ఏసి రాండ్రి. ఈసారి నా పేరు మీద."

"పాతికేండ్లకు నలభై ఏడు..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి, మిగతాది మింగేశాడు.