మడత పడిన పటం

ఈ సంగతి మొదట చెప్పింది నీళ్ళ ఆఫీసులో ఊడ్చే వదిన. చీపురు పట్టుకుని అక్కడే నిలబడి కళ్ళారా చూసింది కాబట్టి ఆవిడ చెప్పిందే లెక్క. తర్వాత చెప్పినవాళ్ళు నాలుగు మడతలన్నారు. నాలుగు కాదు, మూడు.

ఆ ఆఫీసులో పదింటికి తలుపులు తీస్తారు. పదకొండింటికి ఎనిమిది కప్పుల టీ వస్తుంది. ఏడు మనుషులకి, ఒకటి మేడమీద రికార్డు గదిలో ఉన్న సర్వరు పెట్టెకి. ఆ పెట్టెలో పాత రికార్డు కీపరు ఉంటాడు. ఊరి కింద పైపుల పటాలు ముప్ఫయ్యొక్క ఏళ్ళు కాపలా కాసి, వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించిన రోజే రిటైరయ్యాడు. టిఫిను డబ్బా తెచ్చుకుంటానని గదిలోకి వెళ్ళి, పటాల వెంట తనూ లోపలికి పోయాడు. నెలకోసారి వాళ్ళావిడ వచ్చి పెట్టె మీద దుమ్ము దులిపి, ఇంటి కబుర్లు చెప్పి వెళ్తుంది. పదకొండుంబావుకల్లా కప్పు ఖాళీ. చక్కెర తక్కువైతే ఆ పూట ప్రింటరు పనిచెయ్యదు.

పటాలు గీసే అమ్మాయిని అందరూ ట్రేసరమ్మ అంటారు. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ గడువు ఈ సంగతి జరిగిన రోజుతో సరి. ఇంజినీరు ముందురోజే తేల్చి చెప్పాడు.

"తూర్పు వీధులకి రెండేళ్ళుగా నీళ్ళు ఎక్కట్లేదు. ఎక్కడో ఒక వాల్వు మూసుకుపోయి ఉండాలి. అదెక్కడుందో పటం గీసి రేపు ఐదింటిలోగా నా బల్ల మీద పెట్టమ్మా. అది చూపించి నీ గురించి పైవాళ్ళని అడుగుతాను. ఉత్త చేతులతో అడగలేను."

అంతవరకూ ఆమె చేసినవన్నీ కొత్త కనెక్షన్లే. పాత పటాల ఫోల్డరుతో పని పడలేదు. ఇప్పుడు తెరవబోతే తెర మీద "మీకు అనుమతి లేదు" అని వచ్చింది. మేడమీద ఎవరో గొంతు సవరించుకున్నారు.

కేబులాయన్ని పిలిచారు. నడివయసు మనిషి, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. ఏం చెడినా ముందు కేబులే అంటాడు కాబట్టి ఆ పేరు. కేబులు పీకి పెట్టాడు. మిషను ఆపి వేశాడు. అనుమతుల జాబితా తీస్తే ఆమె పేరు శుభ్రంగా ఉంది. ఆమె పేరుతో పక్క మిషన్లో తెరిచి చూశాడు. ఫోల్డరు తెరుచుకుంది. ఆమె మిషన్లోనూ తెరుచుకుంది. లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. మూసుకుంది.

"మీరొకసారి గుమ్మం అవతల నిలబడండి మేడం."

ఆమె అవతలికెళ్ళింది. తెరుచుకుంది. లోపలికొచ్చింది. మూసుకుంది.

"మిషను మంచిదే, పేరు మంచిదే," అన్నాడు కేబులాయన చెమట తుడుచుకుంటూ. "తేడా మీలోనే ఉంది."

ట్రేసరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. గడియారం రెండు దాటింది. అప్పుడు వదిన చీపురు గోడకి ఆనించింది.

"మేడమీద పెద్దాయన దగ్గర ఏమన్నా తీసుకున్నావా పిల్లా?"

"చేరిన కొత్తలో ఒక పటం. ఇచ్చేశాను కదక్కా."

"ఎలా ఇచ్చావ్?"

ఎలా అంటే, ఆ రోజు వాన. తడుస్తుందని పటాన్ని మూడు మడతలు పెట్టి చేతిసంచిలో కుక్కింది. పెద్దాయన విప్పి చూశాడు. రిజిస్టరు మూసేశాడు, అంతే.

"అంతేనా? కొంప ముంచావు గదే," అంది వదిన.

పటాన్ని చుట్టాలి, మడవకూడదు. మడత పడ్డచోట గీత పోతుంది. గీత పోతే ఊరి కింద పైపు ఉండీ లేనట్టే. ఇందులో పెద్దాయనది తప్పని ఎవరూ అనలేరు.

మేడెక్కి రిజిస్టరు తీశారు. తీసుకున్నట్టు ఆమె సంతకం ఉంది. తిరిగి ముట్టినట్టు ఉండాల్సిన ఆయన సంతకం లేదు. ఆయన లెక్కలో ఆ పటం ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఒకటి తిరిగివ్వందే రెండోది ఇవ్వడం ఆయన సర్వీసులో లేదు.

ఆ పటం తూర్పు వీధులదే. బీరువా వెనక విడిగా, మడతలతోనే పడుంది. ట్రేసరమ్మ ఎదుటి కొట్టు నుంచి ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చింది. పలచటి గుడ్డ పరిచి, ఊపిరి బిగబట్టి, ఒక్కో మడతా సాపు చేసింది. రెండో మడత విచ్చుకునేసరికి అందులోంచి చిన్న సున్నా బయటపడింది. వాల్వు గుర్తు. మడత మీదే కంప్యూటర్లోకి ఎక్కించడంతో అది ఎవరి కంటా పడలేదు.

పటాన్ని చుట్టి పెట్టె ముందు పెట్టింది.

"తప్పయిందండీ. ఈసారి చుట్టి తెచ్చాను."

తర్వాత రిజిస్టరులో ఖాళీ గడి నిండింది. ఆకుపచ్చ సిరా, ఇంకా తడిగా ఉంది. కింద కేబులాయన "తెరుచుకుంది" అని కేకేశాడు.

చుట్టుపక్కల పైపులన్నీ ఫోల్డర్లోంచి తీసుకుని, ఆ వాల్వుని చేర్చి, ఐదుకి పది నిమిషాలుండగా పటం ఇంజినీరు బల్ల మీద పెట్టింది. మూడోరోజు తూర్పు వీధుల్లో నీళ్ళొచ్చాయి. ఆ వారంలోనే ఆమె ఉద్యోగం ఖాయమైంది, రికార్డు కీపరుగా. ఫోల్డరు ఎవరిదని చూపించే చోట పెద్దాయన పేరు పోయి ఆమె పేరుంది. అది ఆ రోజు ఐదింటి నుంచే అలా ఉంది.

ఆ రోజు సరిగ్గా ఐదింటికి పెద్దాయన టిఫిను డబ్బా పట్టుకుని మేడ దిగొచ్చాడు. ఎవరివంకా చూడలేదు. వదిన దగ్గర మాత్రం ఆగి, "మెట్ల మూలలు ఊడవట్లేదు," అని ఇంటికి వెళ్ళిపోయాడు. వదిన ఆ మాట ఇంకా మరిచిపోలేదు. మర్నాటి నుంచి టీ ఏడు కప్పులే.

ఇంతా జరిగితే, ఫిర్యాదుల పుస్తకంలో ఆ తారీఖున కేబులాయన రాసింది ఒకే ముక్క: "కేబులు వదులైంది, బిగించాను." అది ఇప్పటికీ అలాగే ఉంది. చేతిరాత బాగున్నవాళ్ళెవరైనా ఆ ఆఫీసుకి వెళ్తే ఆ ముక్క కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయండి. మడతలు మూడని మరిచిపోవద్దు.