అడగకముందే చెప్పిన పేరు

ఉదయం పదకొండు గంటల వేళ. అడవి అంచున ఉన్న ఆ మండల కేంద్రపు పోలీస్ స్టేషనులో చాయ్ గ్లాసుల చుట్టూ నవ్వులు పొంగుతున్నాయి. హెడ్ కానిస్టేబుల్ నాగరాజు తన ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి, అప్పటికి పదోసారి అదే వీడియో పెట్టాడు. అందులో వినిపించే రెండు గొంతుల్లో ఒకటి అతనిదే.

"నీ మొగుని పేరేందమ్మా?"

"అయ్యో సారూ, పేరెట్ల చెప్తా! తునికాకుకు పోయిండు. పొద్దు గుంకుతాంది, ఇంక రాలే."

"పేరు చెప్పకపోతే ఎవరని దేవులాడాలె? అడవిల జింకలనడగాల్నా?"

"మేడారం జాతరల తానం జేస్తరు సూడు సారూ, గా వాగు పేరే. జల్దీ రాండ్రి, నీ కాల్మొక్త."

"అయితే తప్పిపోయింది వాగా! వాగును పట్టుకరానీకి ఎంతమంది కావాలె?"

అక్కడ ఢోలు మోగుతుంది. తెర మీద ఒక బొమ్మ పోలీసు తల గోక్కుంటాడు.

ఆ ఢోలు, ఆ బొమ్మ, ఆ కత్తిరింపు, అన్నీ కానిస్టేబుల్ ఆరాధన చేతిపని. ప్రజలకు పోలీసంటే బెరుకు పోవాలనీ, స్టేషనుకు రోజూ వచ్చే ఫోన్లలో సరదా అయినవి ఏరి సోషల్ మీడియాలో పెట్టాలనీ ఎస్సై వెంకటేశ్వరరావు సంకల్పించారు. సంకల్పం మంచిదే. ఆరాధన జాగ్రత్త గల మనిషి. ఫోను చేసిన ఆమె పేరూ ఊరూ వినబడకుండా చెరిపింది. వాగు ముచ్చట మాత్రం ఉంచింది. నవ్వంతా అందులోనే ఉంది మరి. నాలుగు రోజుల్లో రెండు లక్షల మంది చూశారు.

"పైనుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చిందమ్మా! ఇట్లాంటివి వారానికి రెండు పడాలి," అన్నారు ఎస్సై.

ఆ సాయంత్రం ఆరాధన దానిని తల్లికి వినిపించింది. ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన తండ్రి ఆంథోని, తల్లి సవరమ్మ ఆమె దగ్గరే ఉంటున్నారు. సవరమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతూ చివరిదాకా విన్నది. ఢోలు మోగినప్పుడు కూడా నవ్వలేదు.

"దొరికిండా?" అని అడిగింది.

"ఎవరమ్మా?"

"ఆమె పెనిమిటి."

ఆరాధన తడబడింది. రెండు లక్షల మంది చూశారు, వేలమంది నవ్వుల బొమ్మలు పెట్టారు, ఆ ఒక్క మాట ఎవరూ అడగలేదు. "దొరికిండమ్మా. కాలు బెణికి గట్టు కింద కూసుంటే మావాళ్ళే పోయి తెచ్చిన్రు."

"దేవునికి స్తోత్రం," అన్నది సవరమ్మ. తుంచిన చిక్కుళ్ళు పక్కకు పెట్టి, "నేను ఫోన్ చేస్తే గూడ గిట్లనే నవ్వుదురా బిడ్డా?" అన్నది.

ఆ మాట ఎందుకన్నదో ఆరాధనకు తెలుసు. నలభై రెండేళ్ళ కాపురంలో సవరమ్మ నోట భర్త పేరు వెలువడలేదు. పోయిన వస్తువులను దొరికించమని కథోలికులు వేడుకునే పునీతునిది కూడా అదే పేరు కావడంతో, ఆయనను సైతం "పోయినవి దొరికించే సామీ" అని పిలిచే మొక్కుకునేది. చర్చిలో అందరూ గొంతెత్తి ఆ పేరు పలికే చోట ఆమె పెదవులు మూసుకునేవి. చిన్నప్పుడు ఆరాధన నవ్వితే, "ఎవరిని పిలుస్తున్ననో ఆయనకు తెలుస్తదిలే," అనేది.

"పేరు, ఊరు తీసేసినమమ్మా. ఎవరికీ తెల్వదు."

"పేరు తీసినవు, మరి గొంతో? గుర్తువట్టేటోళ్ళకు గొంతు చాలదా? తీసెయ్యి దాన్ని."

"రేపు తీస్తలే."

ఆ రేపు రాలేదు. వచ్చిన మెప్పును చేజేతులా పోగొట్టుకోబుద్ధి కాలేదు. తెలియక పెట్టింది ఒక తప్పు, తెలిసీ ఉంచింది మరో తప్పు. తరువాతి రోజుల్లో ఆమెను కాల్చినది ఆ రెండవదే.

తొలకరి పడింది. ఒకనాడు ఫోన్ల రిజిస్టరు తిరగేస్తూ ఎస్సై ఆనందపడ్డారు. "నెల రోజులుగా అడవి పల్లెల నుంచి ఒక్క ఫోన్ లేదు. అంతా ప్రశాంతంగా ఉంది." నాగరాజు తల ఊపాడు. ఆరాధనకూ అది శుభవార్తగానే తోచింది.

ఆషాఢమాసంలో ఒక మధ్యాహ్నం భద్రాచలం దవాఖానా నుంచి కబురు వచ్చింది. ఇప్పలగుంపు అనే పల్లెలో నాలుగు రోజుల కిందట ఒక ముసలాయనను పాము కరిచింది, వివరాలు రాసుకోవాలి అని. ఆరాధన వెళ్ళేసరికి ఆయనకు మోకాలి కింద కాలు తీసేశారు. ప్రాణం నిలిచింది.

"చాలా ఆలస్యంగా తెచ్చారు మేడం," అన్నది నర్సు.

వార్డు తలుపు పక్కన గోడకానుకొని ఒక ముసలామె కూర్చుని ఉంది. పాదాల మీది బురద ఎండి నెర్రెలు విచ్చింది.

"ఆనాడు పొద్దుగాల చేన్ల కరిచింది బిడ్డా. మంచం మీద ఏస్కొని, అడవి దాటి రోడ్డెక్కేసరికి మిట్ట మధ్యాన్నమాయె."

ఆ గొంతును ఆరాధన ఎరుగును. కత్తిరిస్తూ కూర్చున్నప్పుడు నూరుసార్లు విన్నది.

"ఫోన్ చేస్తే మా బండి వచ్చేది కదమ్మా. ఎందుకు చెయ్యలే?"

"ఒక్కపారి చేస్తినే! దాన్ని లోకమంత ఇన్నదంట. సంతకు పోతే, 'ఏంది ముత్తక్కా, నీ వాగు పారుతాందా, ఎండిందా' అనవట్టిరి. ఆటో ఎక్కితే గదే ముచ్చట. నా కోడలు సిగ్గుకు పుట్టింటికి పోయి కూసున్నది. అప్పటిసంది మా గుంపుల, సుట్టుపట్ల పల్లెల ఎవ్వరూ చెయ్యరు. ఏమన్నా దాన్ని పట్టుకొని ఆడిస్తరని భయం." ముత్తక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను చేద్దామనే అన్న. ఆయనే వద్దన్నడు. నన్ను పాము కరిచింది చాలు, మల్ల నిన్ను లోకం కరవద్దు అన్నడు."

రిజిస్టరులో ఖాళీగా కనిపించిన ఆ నెల రోజులు ఆరాధన కళ్ళ ముందు నిలిచాయి. ప్రశాంతత అని తాము మురిసిపోయినది, నోరు మూసుకున్న అడవి పల్లెల మౌనం.

ఆమె కాగితం తీసింది, పెన్ను పట్టింది. ఇంకా ఏమీ అడగలేదు. ఆయన పేరు దవాఖానా చీటీలోనే ఉంది, అడగవలసిన పని లేదు. కానీ పెన్ను చూడగానే ముత్తక్క కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నది. పాఠం అప్పజెప్పే పిల్లలా కళ్ళు మూసుకున్నది.

"రాసుకో బిడ్డా. జంపయ్య. నా మొగుని పేరు జంపయ్య. గా జాతర వాగు పేరే. ఈపారి మిమ్ముల తిప్పలు పెట్ట."

ఆ వెంటనే కొంగుతో నోరు మూసుకుంది. లోపలి మంచం మీద జంపయ్య విన్నాడు కాబోలు. ఇటు తిరిగి ఒకసారి చూసి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెళ్ళినాడు మొదలైన వ్రతం అది. ఏ పూజారీ చెప్పలేదు, ఏ చట్టమూ అడగలేదు. ఆమె తనంత తానుగా కాచుకున్న ఆ మర్యాద, నవ్వులకు వెరచి నేడు ఆ దవాఖానా వసారాలో భంగమైంది.

"అమ్మా, ఆ వీడియో చేసింది నేనే," అన్నది ఆరాధన. తల ఎత్తలేకపోయింది.

ముత్తక్క ఆమె వైపు తిరిగింది. "నీకు అమ్మ ఉన్నదా?"

"ఉన్నది."

"ఆమె చెప్తదా, పేరు?"

"చెప్పదు."

ముత్తక్క లేచి లోపలి మంచం దగ్గరకు వెళ్ళింది. తిట్టి ఉంటే ఆరాధనకు కొంత ఊరట కలిగేది.

తిరిగి వస్తూ బస్సులోనే ఆరాధన ఆ వీడియో తీసేసింది. మరునాడు, ఎవరినడిగి తీశావన్న ఎస్సైకి జరిగినదంతా చెప్పింది. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"క్షమాపణ చెబుతూ ఒక వీడియో పెడదాం," అన్నారు. "ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకొని..."

"వద్దు సార్! అందర్ల నవ్వులపాలు చేసినం, ఇప్పుడు అందర్ల ఏడిపించొద్దు. ఆమె గడపకు పోయి చెప్దాం."

జంపయ్య ఇల్లు చేరిన తరువాత ఎస్సై, నాగరాజు, ఆరాధన ముగ్గురూ ఇప్పలగుంపుకు వెళ్ళారు. ఫోన్లు జీపులోనే వదిలారు. నాగరాజు నేల మీద కూర్చుని, "తప్పయింది అక్కా," అన్నాడు. మంచం మీది నుంచి జంపయ్య, "వచ్చినోళ్ళకు మంచినీళ్ళియ్యి," అన్నాడు. ముత్తక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. క్షమించాననలేదు. నాగరాజు ఆ చెంబును చేతుల్లోనే పట్టుకొని కూర్చున్నాడు.

ఆ రోజు గడిచి మూడు నెలలైంది. ఇప్పలగుంపు నుంచి స్టేషనుకు ఇంతవరకూ ఫోన్ రాలేదు. ఆరాధన ప్రతి ఉదయం రిజిస్టరు తెరిచి మొదట ఆ ఖాళీనే చూసుకుంటుంది.

చదువరులారా, ఆ రెండు లక్షల మందిలో మనమూ ఉన్నాము. ఢోలు మోగగానే నవ్వి, మరొకరికి పంపించి, ఆ మనిషి దొరికాడా అని అడగకుండానే మన పనుల్లోకి మనం వెళ్ళిపోయాము. మొర విన్న దైవం ముందు కదిలి వస్తుంది, ఆ మొరను నలుగురికి వినిపించి వినోదించదు. ఆపన్నుల పిలుపు ఆదుకోగలవారి చెవికి మాత్రమే చెందినది. దానిని లోకానికి వినిపించినవారూ, విని నవ్వినవారూ, రేపు పిలవలేక ఆగిపోయే ప్రతి గొంతుకూ జవాబుదారులే.