పదకొండు కింద పద్దెనిమిది

నేను ఒక పెన్సిల్‌ని. చెక్కను చీల్చి, మధ్యలో నల్లటి పుల్ల పెట్టి జిగురుతో అతికిస్తే పుట్టాను. జిల్లా పాల సంఘం వాళ్లు నన్ను కొని తెచ్చి, సమావేశాల గదిలో కలాల డబ్బాలో పడేశారు. అందులోనే ఛైర్మన్ మురహరిరావు గారి బంగారు మూత పెన్ను కూడా ఉండేది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లుమంట.

ఎందుకుండదు? ఇంటర్వ్యూల్లో వీళ్లకో అలవాటుంది. మార్కులు ముందు నాతో వేస్తారు. అందరూ వెళ్లాక “కాస్త సర్దుదాం” అనుకుని, అవి చెరిపేసి పెన్నుతో వేస్తారు. చాకిరీ నాది, దర్జా దానిది.

ఆ రోజు మేనేజరు ప్రమోషన్ కోసం దయామణి వచ్చింది. పన్నెండేళ్లుగా పాల పరీక్షలన్నీ చేస్తున్న మనిషి. కల్తీ గురించి ఎంత తిప్పి అడిగినా తడబడలేదు. ఛైర్మన్ గారు ముచ్చటపడి, గట్టిగా నొక్కి, నాతో ఇరవైకి పద్దెనిమిది వేశారు. నేను పొంగిపోయాను.

“ఊళ్లో మీ ఇల్లు ఎటువైపమ్మా?” అని అడిగారాయన.

“పేటలోనండి, కాలవ అవతల.”

అంతే, కులం అడక్కుండానే తెలిసిపోయింది. ఆమె వెళ్లగానే రబ్బరు నా అంకెను తుడిచేసింది. ఆ చోటే పెన్ను తాపీగా పదకొండు వేసింది. ఉద్యోగం పద్నాలుగు వచ్చిన ఇంకొకాయనకు పోయింది.

దయామణి ఫిర్యాదు చేస్తే అందరూ “రుజువేదమ్మా?” అన్నారు. ఆమె సమాచార హక్కు కింద అసలు కాగితమే చూపించమంది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూస్తే, పదకొండు కింద నేను చేసిన నొక్కు కనిపించింది.

విచారణ కూడా ఆ గదిలోనే జరిగింది. విచారణకు వచ్చిన వసుంధర గారు ఆ నొక్కును వేలితో తడిమారు.

“పద్దెనిమిది వేశాక ఇంకేం అడిగారండీ?”

“పని గురించి అయిపోయిందండీ. ఊరికే, ఇల్లు ఎటువైపని అడిగాను.”

“ఆ తర్వాత?”

“ఇంకేం అడగలేదండీ,” అన్నారు ఛైర్మన్ గారు. అన్నాక ఆయన ముఖం పాలిపోయింది.

“అయితే ఆ మాటే రాసుకుంటాను,” అంటూ ఆమె డబ్బా వైపు చేయి చాపారు. నన్ను పక్కకు నెట్టి, ఆ బంగారు మూత పెన్నే తీశారు.

దయామణిని మేనేజరును చేసిన వాక్యం అదే రాసింది. ఆమె గెలిచినందుకు నాకు సంతోషమే. కానీ ఆ వాక్యం రాయాల్సింది నేను.