చాపకూడు గంగాళం

నేను ఒక రాగి గంగాళాన్ని. ఇప్పుడు ఒక చిన్న మ్యూజియంలో, కిటికీ పక్కన కాపురం. నా ఎదురుగా ఉన్న గాజు పెట్టెలో పల్నాటి యుద్ధం నాటివని చెప్పే కత్తులు రెండున్నాయి. వచ్చినవాళ్ళంతా వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. నా దగ్గరికి వచ్చేసరికి చెత్తడబ్బా అనుకుని ఐస్‌క్రీం పుల్లలు పడేసి పోతారు. కత్తులంటే మనుషులకు ఎందుకో అంత మోజు. వాటివల్ల ఏ ఒక్కడి కడుపైనా నిండగా నేను చూడలేదు.

మాచర్లలో వీరోజు అనే కంచరి నన్ను రాగిరేకులు సాగగొట్టి చేశాడు. ఇద్దరు చేతులు చాచినా అందనంత బొజ్జ నాది. నేను పుట్టిందే చాపకూడు కోసం. పొడుగాటి చాపలు పరిచి, అన్ని కులాలవాళ్ళూ పక్కపక్కనే కూర్చుని ఒకే గంగాళంలో వండిన కూడు తినాలి. మాచర్ల మంత్రిగారు పెట్టిన పద్ధతి అది. మొదటిరోజు కొందరు పెద్దలు ముక్కు చిట్లించి, పక్కవాడి భుజం తగలకుండా ముడుచుకుని కూర్చున్నారు. వేడివేడి జొన్న సంకటి, చింతపండు పులుసు విస్తట్లో పడ్డాక ఎవరికీ భుజాల సంగతి గుర్తులేదు.

వంట బొల్లమది. కుమ్మరి ఇంటి బిడ్డ, చిన్న వయసులోనే మొగుడు పోయాడు. చాప మీద కూర్చున్నవాణ్ణి పేరూ ఊరూ అడగకుండా వడ్డించడం ఆమె నియమం. తల్లి పోతే తన చేతుల మీదుగా పెంచిన తమ్ముడు కాటయే ఆమెకు లోకం. అతనికి గురజాల పిల్లను చూసి పెళ్ళి చేసింది కూడా ఆమే. అతను అక్కడే కాపురం పెట్టినా, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే ఊరు కదా అని మురిసిపోయింది. అప్పటికి మాచర్లను ఏలేవాళ్ళూ గురజాలను ఏలేవాళ్ళూ, ఒకే తండ్రి బిడ్డలు, ఇంకా తగువు పడలేదు.

ఆ అన్నదమ్ములు కోడిపందెం వేసుకున్నారు. ఆ రోజు రెండు పక్షాలకూ నాలోనే వండారు, ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలిసే తిన్నారు. కొట్లాడింది కోళ్ళు, రాజ్యం పోయింది మాత్రం మనుషులకు. ఓడిన మాచర్లవాళ్ళు పందెం ప్రకారం ఏడేళ్ళు అడవుల పాలయ్యారు. నన్ను బండికెక్కించారు, బొల్లమ నా వెనకాలే నడిచింది. కాటయ అత్తగారి ఊళ్ళోనే ఉండిపోయాడు. పక్షాలూ గిక్షాలూ అతనికి పట్టలేదు. పెళ్ళాం, పిల్లలు, కుండలు చేసే సారె అక్కడున్నాయి, అంతే.

గడువు తీరింది. మా రాజ్యం మాకివ్వమని మావాళ్ళు రాయబారిని పంపారు. అతనికి అన్నంలో విషం పెట్టి చంపారని కబురొచ్చింది. యుద్ధం కారెంపూడిలో మలుపు తిరిగిందని కథలు చెప్పేవాళ్ళు అంటారు. నన్నడిగితే ఆ విస్తట్లోనే తిరిగింది. ఆ రోజు నుంచి మా చాప దగ్గర కాపలా పెట్టారు. కూర్చోబోయే ప్రతివాడూ ఏ ఊరో, ఎవరి మనిషో చెప్పాలి. బంతిలో ఒకడు అతనికి పూచీ పడాలి. కాపలాదారు గుండయ చెడ్డవాడేం కాదు, చెప్పిన పని చేసే మనిషి. అయినా ఆ ప్రశ్న వినపడినప్పుడల్లా బొల్లమ మొహం తిప్పుకునేది.

కారెంపూడి పోరులో మొదటిరోజు మాది పైచేయి. గురజాల సేన నాగులేరు దాటి వెనక్కి తగ్గింది, వాళ్ళ వంటబండ్లు తగలబడ్డాయి. సాయంత్రం పోరు ఆగింది. రెండు వైపులవాళ్ళూ తమ శవాలను వెతుక్కుంటున్నారు. ఆ సందడిలో, గురజాలవాళ్ళు పోరుకు పట్టుకొచ్చిన కాటయ వచ్చి మా చాప చివర కూర్చున్నాడు. ఒళ్ళంతా దుమ్ము. బొల్లమ తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవరి మనిషివిరా?" అన్నాడు గుండయ.

కాటయ అక్క వైపు చూశాడు. బంతిలో ఎవరూ పూచీ పడలేదు. గుండయ చెయ్యి కత్తి మీదికి పోయింది.

"నా తమ్ముడయ్యా," అంది బొల్లమ. "గురజాల వైపోడే. ఆకలై వచ్చాడు."

విషం కలపడానికే వచ్చాడేమో, నీకేం తెలుసన్నాడు గుండయ. ఆమె తమ్ముడి విస్తట్లో సంకటి వేసి, పక్కనే చతికిలబడి, మొదటి ముద్ద తనే తింది.

"విషముంటే ముందు నేను పోతాగా. తిననియ్యి."

ఆ రోజే కొడుకును పోగొట్టుకున్న ముసలి బంటు ఒకడు ఆ బంతిలో ఉన్నాడు. అతను జరిగి, కాటయకు చోటిచ్చాడు. కాసేపటికి గుండయ కత్తి వదిలేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి కాటయ చేతుల మీద పోశాడు.

తిన్నాక ఇక్కడే ఉండిపొమ్మని బొల్లమ తమ్ముణ్ణి బతిమాలింది. తానుండిపోతే అక్కడ పెళ్ళాంబిడ్డల్ని బతకనివ్వరన్నాడు. ఆమె గడ్డం పట్టుకుని, మూతి తుడుచుకుని, ఏరు దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు పోరు తిరగబడింది. మా కుర్రవీరులు ముందుకు దూకి, దూకినవాళ్ళు దూకినట్టే రాలిపోయారు. అవతలివాళ్ళూ మిగల్లేదు. ఎవరు గెలిచారో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నాలో మిగిలిపోయిన సంకటి. బొల్లమ అలవాటు కొద్దీ అందరికీ వండింది, తినడానికి పదిమంది కూడా రాలేదు. కాపలా లేదు, అడిగేవాడు లేడు. వచ్చినవాళ్ళలో కాటయ కోసం ఆమె ప్రతి మొహం చూసింది.

గుండయ వచ్చి చాప మీద కూర్చున్నాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది, నెత్తురు కారుతోంది. ఆమె విస్తరి వేయబోతే వద్దన్నాడు.

"నీ తమ్ముడు నా చేతిలోనే పోయాడక్కా," అన్నాడు. "దుమ్ములో మొహం ఆనలా. ఆనేసరికి కత్తి దిగిపోయింది."

బొల్లమ కూలబడి నా అంచు పట్టుకుంది. ఆ చేతులు అంత చల్లగా ఉండగా నేనెన్నడూ ఎరగను. పెద్దగా ఏడ్చింది. గుండయ లేచిపోలేదు. నరికినా సరేనన్నట్టు తల వంచుకుని అక్కడే కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె లేచి, విస్తరి వేసి, తెడ్డుతో సంకటి తీసింది. అతని చెయ్యి పనిచేయదని చూసి, తనే పులుసు పోసి కలిపి, ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది. అతను మొహం తిప్పుకున్నాడు.

"చాప మీద కూర్చున్నావు గదయ్యా," అంది. "తిను."