ఆరో చీలిక

దయమ్మ రోజూ పొద్దున తొమ్మిదికల్లా గంజ్ మార్కెట్ వెనకాల ఉన్న పార్టీ ఆఫీసు తాళం తీస్తుంది. ముందు గది ఊడ్చి, తర్వాత తడిగుడ్డతో బల్లలు తుడుస్తుంది. ముప్పై రెండు బల్లలు. అన్నీ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. ఐదుగురు సభ్యులున్న పార్టీకి ముప్పై రెండు బల్లలెందుకని బీదర్‌లో ఎవరూ అడగరు. ఆ పార్టీ ఐదుసార్లు చీలిందని అందరికీ తెలుసు.

కష్టజీవుల విప్లవ పార్టీ పెట్టిన రోజున ఉన్నది ఒక్కటే బల్ల. యెహోషువ అనే వడ్రంగి కామ్రేడ్ తుమ్మచెక్కతో చేసిచ్చాడు. కూర్చోవడానికో చెక్క, దాని ముందు రాసుకోవడానికో చెక్క, అచ్చం బడిబల్ల. ఎమర్జెన్సీ పోయాక ఎన్నికల్లో నిలబడాలా వద్దా అని తగవొచ్చి సగం మంది లేచి వెళ్లిపోయారు. చివరివాడు గడప దాటాడో లేదో, బల్ల పక్కన ఇంకో బల్ల. అదే తుమ్మచెక్క, కుడికాలి దగ్గర అదే వంకర మేకు. మిగిలినవాళ్లు రెండోదాన్ని కిటికీ కిందికి జరిపి మీటింగు కొనసాగించారు. సోవియట్ కూలినప్పుడు సంతాప సభ పెట్టాలా, కూలడం మంచికేనని తీర్మానం చేయాలా అన్నదాని మీద ఒకసారి చీలారు. కూతురి పెళ్లికి పురోహితుణ్ణి పిలిచిన సభ్యుణ్ణి ఉంచాలా తీసేయాలా అన్నదాని మీద మరోసారి. చీలిన ప్రతిసారీ ఉన్న బల్లలు రెట్టింపయ్యాయి. వెళ్లినవాళ్లలో కొందరు పెద్ద పార్టీల్లో చేరారు, కొందరు కిరాణా కొట్లు పెట్టుకున్నారు. బల్లలు మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. అంత కోపంగా లేచినవాడు బల్ల మోసుకుంటూ బయటికి నడిస్తే ఏం మర్యాద?

ఇన్నేళ్లలో పార్టీ ఒక్క వార్డు కూడా గెలవలేదు. ఆ మాట ఎవరైనా నవ్వుతూ అన్నా దయమ్మకు ఒళ్లు మండేది. ఇరవై ఏళ్ల వయసులో పప్పుమిల్లు ఆడవాళ్లను కూడగట్టడానికి వచ్చిన మనిషి, అరవై ఆరేళ్లకు బల్లలు తుడుస్తోంది. ఇంత చేస్తే ఎవరికేం ఒరిగిందని ఆమెకే ఒక్కోసారి అనిపించేది.

దసరా ముందు రాచమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. రాచమ్మా పార్టీ సభ్యురాలే, ఔరాద్ అవతల రాష్ట్ర సరిహద్దు పక్కనున్న ఊటపల్లిలో కూలి చేసుకుంటుంది. మనవరాలు శివాని పదో తరగతి.

"దయక్కా, మా ఊరి బడిల పరీక్ష సెంటర్ తీసేసిండ్రు," అంది రాచమ్మ. "బల్లల్లేవంట. ఔరాద్‌కు పోదామంటే పరీక్ష యాళ్లకు బస్సు లేదు. పోయినేడు పదకొండు మంది ఆడపిల్లలు రాయకుంటనే మానుకున్నరు. ఇప్పుడు నా కొడుకేమంటుండంటే, రాయని పరీక్షకు సదువెందుకు, చెరుకు కొట్టనీకి మాతోనే తీస్కపోతం అంటుండు. దీపావళి కాంగనే లారీ వస్తది."

"ఎన్ని బల్లలు కావాల్నంట?"

"అరవై," అంది శివాని. "ఆఫీసర్ సారు శనివారం వచ్చి చూస్తడట. ఉంటే సెంటర్ మళ్ల ఇస్తనన్నడు." ఆ పిల్ల అప్పటికే గదంతా కలియజూసింది. "ఈడ ముప్పై రెండే ఉన్నయి, అవ్వా."

పక్కన పేపర్ చదువుతున్న గురునాథ్ తలెత్తాడు. రిటైరైన బస్సు కండక్టర్, లెక్కల్లో చురుకు. "ఇందుల పరేషానేమున్నదక్కా? ఒక్కసారి చీలితే అరవై నాలుగైతయి."

ఆలోచన అందరికీ నచ్చింది. అదే చిక్కైంది. మర్నాడు మీటింగు పెట్టారు. జ్వరం వల్ల పాపయ్య రాలేదు, మిగిలిన నలుగురూ వచ్చారు. గురునాథ్ చైనా గురించి ఏదో అడ్డదిడ్డంగా మాట్లాడితే, సంజయ్ అనే కాలేజీ లెక్చరర్ కాదని బల్ల గుద్ది గడప దాటాడు. తిరిగొచ్చి చూస్తే ముప్పై రెండే. భూమి సమస్య మీద ఇంకోసారి తిట్టుకున్నారు, మధ్యలో గురునాథ్‌కు నవ్వాగలేదు. సాయంత్రం దాకా నాలుగుసార్లు చీలినా ఒక్క బల్ల పెరగలేదు. అందరి మనసూ ఒక్కటైనప్పుడు ఇక చీలేదేముంది?

"ఇన్నేండ్లు ఒక్క మాట మీద నిలవడకపోతిమి," అని గురునాథ్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడేమో విడిపోదామంటే అయితలేదు."

శుక్రవారం పొద్దున పాపయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఐదు చీలికల్లోనూ ఆయనా దయమ్మా ఒకే పక్క. ఆమెకు మొదటి కరపత్రం చదివి చెప్పింది ఆయనే, పప్పుమిల్లు సమ్మెలో లాఠీల మధ్య నుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందీ ఆయనే. నలుగురూ చేసిన ప్రయత్నాలు విన్నాక ముసలాయన మొహం జేవురించింది.

"బల్లల కోసం పార్టీని చీలుస్తరా? మనం చీలినమంటే సూత్రం కోసం చీలినం, సామాన్ల కోసం కాదు. గిది పక్కా అవకాశవాదం!"

"పిల్ల చెరుకు తోటకు పోతది, పాపన్నా," అంది దయమ్మ.

"పోనియ్యొద్దు. ధర్నా జేద్దాం. నేను దీక్షకు కూసుంట."

"రేపే శనివారం. దీక్షకు టైమేది?"

"అయినా సరే. పార్టీ ఇజ్జత్ పోవొద్దు."

దయమ్మ లేచి నిలబడింది. "ఐదు దఫాలు ఎవ్వలికీ అక్కెరకు రానిదానికి చీలినం. ఒక్క దఫా అక్కెరకొచ్చేదానికి చీలితే ఇజ్జత్ పోతదా? నువ్వు చెప్పేది తప్పు, పాపన్నా."

నలభై ఆరేళ్లలో ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. పాపయ్య మినిట్స్ పుస్తకం దగ్గరికి లాక్కుని, అవకాశవాదంతో కలిసి ఉండలేనని రాసి సంతకం పెట్టాడు. సంజయ్ ఇటూ అటూ చూసి, సూత్రం పాపయ్య సారు పక్కనే ఉందని ఆయన వెంట నడిచాడు. ఇద్దరూ గడప దాటారు.

గదిలో దబదబమని చప్పుడైంది. బల్లలు గురునాథ్‌ను గోడకు నొక్కేశాయి. గదిలో పట్టనివి వరండాలోకి, వరండాలో పట్టనివి సందులోకి వచ్చాయి. సందులో పాన్ డబ్బా ఆయన తన స్టూలు జరిపి చోటిచ్చాడు. దయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బల్లలొచ్చిన సంతోషానికో, పాపన్న విడిపోయిన దుఃఖానికో ఆమెకే తెలియలేదు.

అప్పుడే సందులోంచి పాపయ్య గొంతు ఖంగుమంది. బయటి బల్ల మీద కూర్చుని ఆయన కొత్త పార్టీ మొదటి మీటింగు నడుపుతున్నాడు. "మొదటి తీర్మానం. మా వాటా ముప్పై రెండు బల్లలు ఊటపల్లి బడికి ఇస్తున్నం. చీలినంక బల్లలెటు పోవాల్నో మాకు ఎవ్వలూ చెప్పనక్కెర లేదు. జల్ది ట్రాక్టర్ చూడు సంజయ్, వాళ్లకన్న ముందు మనమే పోవాలె!"

శనివారం తెల్లారేసరికి రెండు ట్రాక్టర్లు బయల్దేరాయి. రెండింటి మీదా ఎర్రజెండాలు, రెండింట్లోనూ ముప్పై రెండేసి బల్లలు. సంతపూర్‌లో చాయ్ తాగుతున్న జనం లేచి నిలబడి చూశారు.

"ఎవరు గెలిచిండ్రన్నా?" అని ఒకడు కేకేశాడు.

"మేమే!" అన్నాడు గురునాథ్.

వెనక ట్రాక్టర్ మీంచి పాపయ్య అంతకంటే గట్టిగా అరిచాడు. "మేమే!"

ఆఫీసర్ రెండుసార్లు తిరిగి చూసుకుని, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఊటపల్లి ఆడవాళ్లు రెండు పార్టీలవాళ్లకూ బొట్టు పెట్టారు. పాపయ్య కూడా కిక్కురుమనకుండా పెట్టించుకున్నాడు. దీపావళి అయ్యాక చెరుకు లారీ వచ్చింది. శివాని మాత్రం నాయనమ్మ పక్కన నిలబడి, లారీ ఎక్కిన అమ్మానాన్నలకు చెయ్యి ఊపింది.

పరీక్షల మొదటిరోజు రెండు పార్టీలూ బడి గేటు దగ్గరికి వచ్చాయి. గుమిగూడరాదని, నినాదాలు చేయరాదని గోడ మీద నోటీసు ఉంది. జన్మలో ఏ నిషేధాజ్ఞనూ లెక్కచేయని ఆ ఐదుగురు ముసలీ ముతకా ఆరోజు బుద్ధిగా దూరం దూరంగా నిలబడ్డారు. నిరుడు మానేసిన పదకొండు మంది ఆడపిల్లలూ హాల్‌టికెట్లు పట్టుకుని లోపలికి పోతుంటే దయమ్మకు గుండె నిండిపోయింది. గెలవడమంటే ఇట్లా ఉంటుందని ఆమెకు మొదటిసారి తెలిసింది.

పాపయ్య కర్ర ఆనించుకుంటూ మెల్లగా దగ్గరికి వచ్చాడు. "దయమ్మా, తప్పు నాదే అని రాసిస్త. సంజయ్ ఒక్కనితోని ఎన్ని దినాలు చర్చ జేస్త? మళ్ల ఒక్కటైదాం."

దయమ్మ అదిరిపడింది. "మెల్లగ, అన్నా! చీలితే రెట్టింపైనయి, కలిస్తే సగమైతయి గద. పిల్లలు రాస్తుండ్రు."

పాపయ్య చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. "మరి పరీక్షలైనంక?"

"వచ్చేడు పిల్లలు రారా? ఆ పైయేడు?"

ముసలాయన నడుం నిటారు చేసి, గొంతు తగ్గించి గంభీరంగా అన్నాడు. "అట్లయితే వినుకో. మీ పార్టీ విధానం మొత్తం తప్పు."

"మీదే తప్పు," అంది దయమ్మ, వస్తున్న నవ్వును ఆపుకుంటూ. ఎవరి పక్కకు వాళ్లు వెళ్లి నిలబడ్డారు.

మళ్లీ చెరుకు లారీ ఊటపల్లికి వచ్చేనాటికి శివాని ఊళ్లో లేదు. బీదర్ కాలేజీలో ఫస్టియర్ చదువుతోంది.