గాజుతొట్టిలో కనపడని చుట్టాలు

ముందు నా మీసం సంగతి చెప్పాలి. ఎర్రసముద్రం ఒడ్డున మా కుసైర్ ఊరి పడవలోళ్ళు గాలి ఎటు తిరిగిందో నా మీసం చూసి తెలుసుకునేవోళ్ళు. అట్టాంటి మీసాన్ని నోటిదూలతో పందెంలో పెట్టా.

నా కాఫీకొట్టులో ఉప్పునీళ్ళ గాజుతొట్టి ఒకటి పెట్టించా. ఎదురు కొట్టు దాహీ, మా పెద్దమ్మ కొడుకు, వచ్చి చూసి పళ్ళికిలించాడు.

"ఏరా ఫర్గలీ, వాకిట్లో అంత సముద్రం ఉంటే పెట్టెలో పోసుకున్నావా? ఇందులో చేప బతుకుద్దా?"

"నలభై రోజుల్లో చారల చేపలు ఈదకపోతే మీసం గొరిగించుకుంటా, పో!" అన్నా. కొట్లో అందరూ విన్నారు. ఇంకేం వెనక్కి తీసుకునేది?

మా మేనల్లుడు శాజ్లీ హుర్‌ఘదాలో చేపల ప్రదర్శనశాలలో పనిచేస్తాడు. ఫోన్లో చెప్పాడు. "మావయ్యా, కొత్త నీళ్ళలో చేపనేస్తే దాని మురికే అమ్మోనియా అయ్యి దాన్నే చంపుద్ది. ముందు ఒక్క రొయ్యనేసి కుళ్ళనియ్యి. అమ్మోనియా పెరుగుద్ది. దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళమీద పుడతాయి, నీ కంటికి కనపడవు. వాటికి బలం వచ్చాక అమ్మోనియా సున్నాకి దిగుద్ది. అప్పుడే చేప. అందాకా ఇంకేమీ వెయ్యమాక!"

చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పోసి పరీక్షమందు చుక్కలెయ్యాలి. ఆకుపచ్చ వస్తే విషం, పసుపొస్తే సున్నా. అంతే.

పదోరోజు ఆకుపచ్చ. సరే, రావాలిగా. ఇరవయ్యోరోజు ఆకుపచ్చ. ముప్పయ్యోరోజుకి మా మొలోఖియా ఆకుకూర కంటే చిక్కగా ఆకుపచ్చ! సగం నీళ్ళు తోడి కొత్తవి పోశా. పొద్దుటికి మళ్ళీ మామూలే. గొట్టాన్ని గోడకేసి కొట్టబోయి, అది ఒక్కటే ఉందని ఆగా. కోపంలో టీలో ఉప్పేసి నలుగురికి ఇచ్చా. పాపం, నా మొహం చూసి తాగేశారు.

"ఏమన్నా వేస్తున్నావా మావయ్యా?" అని ఫోన్లో శాజ్లీ.

"నా తలకాయేస్తున్నా! ఆ రొయ్య తప్ప ఏమీ లేదురా!"

దాహీ రోజూ వచ్చి కుర్చీ లాక్కుని నా మీసం వంకే చూస్తాడు. "నూనె రాయి తమ్ముడూ, రాయి. ఉన్నన్నాళ్ళన్నా బాగుండాలిగా."

ముప్పయ్యెనిమిదో రోజు. పొద్దున్నే పాలకని వెళ్ళి తిరిగొస్తే, మా అత్త హాజా నగాత్ తొట్టి మూత ఎత్తి, ఫూల్‌లో, అదే మా చిక్కుడుగింజల కూరలో, నానబెట్టిన రొట్టెముక్కలు చిదిమి చిదిమి వేస్తోంది.

"అత్తా!" అని అరిచా. వీధిలో గాడిద కూడా ఆగింది.

ఆవిడ నామీదే లేచింది. "నువ్వేగా నాయనా చెప్పావు! తొట్టి ఖాళీ కాదు, నలభైకోట్లమంది చుట్టాలు దిగారు, సూయెజ్ నించి నడిచొచ్చారు, మనకోసం విషం తాగుతున్నారు అని. నెలరోజులై ఒక్క రొయ్యతో సరిపెట్టావు. గడప తొక్కినోళ్ళని పస్తు పెడతారా? ఊళ్ళో మన పరువేం గాను?"

అన్నానండీ. ఖాళీ తొట్టేంటని ఎవరో అడిగితే, ఊరికే ఉండలేక ఆ సూక్ష్మజీవుల్నే చుట్టాలన్నా.

అప్పుడు కొట్లో ఒక్కొక్కడూ బయటపడ్డాడు. "నేను రోజూ ఒక గింజ వేశా అన్నా, ఎక్కువేం కాదు." "మా ఆవిడ పాయసం పంపింది."

"నువ్వురా?" అన్నా దాహీని.

"పందెం కాసినోణ్ణి, నేనెందుకేస్తా? మా ఇంట్లో ఆడోళ్ళు వేశారు. చుట్టాలకి పెట్టొద్దని చెప్పడానికి నాకు నోరెట్టా వస్తుంది?"

ఎవర్ని తిట్టను? చుట్టాల్లేరంటే నేను అబద్ధాలకోరుని. ఉన్నారంటే పెడతానే ఉంటారు. మూత మీద చెయ్యేసి, "అందరూ వినండి. ఇవాళ్టినించీ ఈ చుట్టాలు ఉపవాసం పట్టారు," అన్నా.

మా అత్త చెయ్యి వెంటనే వెనక్కి పోయింది. "అయ్యో, ముందే చెప్పొద్దా! ఉపవాసంలో ఉన్నోళ్ళకి నోట్లో కుక్కానా నేను?"

ఆ తర్వాత ఒక్క గింజ పడితే ఒట్టు. తొట్టి పక్కన టీ తాగడానికి కూడా సిగ్గుపడి బయటికి పోయేవోళ్ళు.

రొట్టె నీళ్ళు తోడేసి కొత్తవి పోశా. నలభయ్యోరోజు చుక్కలేశా. అందరూ గొట్టం మీద పడ్డారు. లేత ఆకుపచ్చ. పసుపే అని ఒట్టేశా. "నిమ్మాకు కూడా పసుపేనా?" అన్నాడు దాహీ. కొట్టు ముందే కుర్చీలో కూచోబెట్టి గొరిగించారు. ఆ మంగలి రెండు కత్తులు మార్చాడు, ఒకటి మొండిదైపోయి.

నలభయ్యేడోరోజు గొట్టంలో నిమ్మపండంత పసుపు. చారల చేపలు రెండు దిగాయి. దాహీ ఇప్పుడు తన కొట్టొదిలి ఇక్కడే కూచుంటాడు. చూడకుండా ఉండలేడు. నా పైపెదవి తడుముకున్నప్పుడల్లా వాడికి టీ ఆలస్యం చేస్తా.

మా అత్త మొన్న మెల్లిగా అడిగింది. "నాయనా, ఉపవాసం విడిచారా?"

"చేపలకి ఒక్క చిటికెడు వెయ్యి అత్తా. చుట్టాలు ఇంకో నలభై ఏళ్ళు విడవరు."